కల్నల్ గారు వదలనంటున్నారు

అత్తయ్యకు,

అక్కడ అందరూ కులాసా అనుకుంటాను. ఈ మిలిటరీ ఆస్పత్రిలో నా గడువు వచ్చే నెలతో సరి. ఇంటికొచ్చి మన వీధి క్లినిక్‌లో నర్సుగా చేరిపోదామనుకున్నాను. కానీ కల్నల్ గారు నన్ను వదలనంటున్నారు. ఇంకో మూడేళ్లు తన దగ్గరే ఉండమంటున్నారు. ఉంటే సరిహద్దు క్యాంపులకు వెళ్లాలి, ఒక్కోసారి నెలల తరబడి. నాకేమో ఈ పనంటే ప్రాణం. చిన్నదాన్ని వదిలి ఉండాలంటే ప్రాణం పోతోంది. ఏం చెయ్యమంటారు?

మీ కోడలు

తా.క.: మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. గడియారాలు బాగుచేసే మనిషి, కంగారుపడితే చేతులు వణుకుతాయి.

అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

కులాసాయే, నీ ఉత్తరం చదివేదాకా. పై అధికారి మెచ్చుకోవడం విన్నాను గానీ, వదలననడం ఎక్కడా వినలేదు. ఆ కల్నల్ గారికి సంసారం లేదా? నీతో ఎలా ఉంటారు? దాచకుండా రాయి.

అత్తయ్య

తా.క.: మీ ఆయనకి నేనూ చెప్పలేదు. ఉత్తరం విప్పి వాడి బల్ల మీద పెట్టాను, అంతే.

అత్తయ్యా,

కల్నల్ గారు పెళ్లి చేసుకోలేదు. నేనంటే ఎంత అభిమానమో. మొన్న క్యాంపు డేరాలో వరసగా ఆపరేషన్లయ్యాక కుర్చీలోనే నిద్రపోతే, తన కోటు తీసి కప్పారు. నా చేతి టీ తప్ప తాగరు. ఇంతకాలానికి తన మనసెరిగిన మనిషి దొరికిందంటారు. చూస్తే మీకూ నచ్చుతారు.

మీ కోడలు

తా.క.: మీ అబ్బాయి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. “నేనేం తక్కువ చేశాను?” అని ఒకటే ముక్క. ఏమైంది ఆయనకి?

అమ్మాయీ,

ఏమైందని నన్నడుగుతున్నావా? కొట్లో ఎవరిదో గడియారానికి ముళ్లు తారుమారుగా బిగించాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, అద్దం ముందు ఛాతీ విరుచుకుని నిలబడుతున్నాడు. అమ్మెప్పుడొస్తుందని చిన్నది అడిగితే, కల్నల్‌ని అడగాలన్నాడట. ఇక ఊరుకోలేక ఆయనకే రాశాను: “అయ్యా, మా పిల్లకి మొగుడూ బిడ్డా ఉన్నారు. అది మాకు కావాలి. మీ కోటు మీరే కప్పుకోండి.”

అత్తయ్య

తా.క.: రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

అత్తయ్యా,

కల్నల్ గారు ఆడమనిషి.

నర్సులందరికీ పెద్ద. ఇంకో మూడేళ్లలో రిటైరవుతారు. మీ ఉత్తరం వార్డులో పైకి చదివారు. “అయ్యా” దగ్గర మొదలైన నవ్వు ఆగితేనా, కుట్లు పడ్డవాళ్లని నవ్వొద్దని బతిమాలాల్సి వచ్చింది. తర్వాత ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు: “సర్వీసంతా ఎక్కడెక్కడో తిరిగాను. తిరిగి రమ్మని నాకోసం ఎవరూ ఇలా పోట్లాడలేదు. నువ్వు ఇంటికెళ్లిపో.” అందుకే ఆ మూడేళ్ల కాగితం మీద సంతకం పెట్టలేదు. వచ్చేస్తున్నాను. సంతోషమేగా?

మీ కోడలు

తా.క.: మీ అబ్బాయిని ఇక ఊపిరి వదలమనండి.

అమ్మాయీ,

సిగ్గుతో చచ్చిపోతున్నాను గానీ ఒకమాట చెప్పాలి. కల్నల్ మగవాడైతే పోట్లాడి గెలిచేదాన్ని. నీకిష్టమైన పనితో ఎలా పోట్లాడను? వచ్చేస్తున్నానన్న నీ మాటలో జీవం లేదు. మీ ఆయన కూడా, “ఆ పని మానేసి వస్తే మనింట్లో ఉంటుంది గానీ మనతో ఉండదమ్మా” అన్నాడు.

సంతకం పెట్టు. ఆస్పత్రి పక్కన కుటుంబాలకి క్వార్టర్సు ఇస్తారట, మేమే వస్తున్నాం. గడియారాలు అక్కడా చెడతాయి. నువ్వు క్యాంపుకెళ్తే చిన్నదాన్ని మేం చూసుకుంటాం. దిగులు పడకుండా ఉంటుందని చెప్పను, పడుతుంది. మేమూ పడతాం. అందరం ఒకచోట పడదాం.

అత్తయ్య

తా.క.: క్వార్టర్సు సంగతి ఎవరు చెప్పారంటావా? మీ కల్నల్ గారూ నేనూ ఉత్తరాలు రాసుకుంటున్నాం. రిటైరయ్యాక మనతోనే ఉండమన్నాను, ఒప్పుకున్నారు. నువ్వు క్యాంపుల్లో తిరుగుతుంటే, నాకు పోట్లాడ్డానికి ఇంట్లో ఎవరో ఒకరుండాలి కదా.