జల్లాఖ్‌లో వన్స్‌మోర్

ఈసా టౌన్, బహ్రెయిన్
14-11-2025, శుక్రవారం

అన్నయ్య వెంకటరాజుకు చెల్లెలు వీరవేణి నమస్కారాలు. అమ్మకు, వదినకు కూడా చెప్పు. అన్నవరం సత్యదేవుడి దయవల్ల ఇక్కడ క్షేమమే. మోకాళ్లే మాట వినడం లేదు. దీపం పెట్టి లేవాలంటే గోడ పట్టుకుంటున్నాను.

నేను చూసుకునే పెద్దాయన గురించి అడిగావు కదా. ఒకెల్లో గారిది ఉగాండా. ఆయన కూతురు ఇక్కడ టీచరు. నువ్వు నాటకాలకు హార్మోనియం వాయిస్తే, ఆయన నాటకాలు రాసి బాణీలు కూడా కట్టేవాడు. తెర వెనక ఉండే డోళ్ల వాళ్లను ముందుకు తెచ్చి పాత్రలు చేశాడట. రాజు అబద్ధమాడితే డోలు ఎదురు చెబుతుందట! ఇంకో సంగతి, పాటను సగంలో ఆపేస్తాడు. మిగతాది జనం అందుకోవాలి. లేకపోతే నాటకం ముందుకు సాగదు. చూడవచ్చినవాడు ఊరికే చూసి పోకూడదనేవాడని కూతురు చెప్పింది.

పక్షవాతంతో ఆయనకు మాట పోయింది. నెల రోజులుగా తిండి కూడా దాదాపు మానేశాడు. బతిమాలి బతిమాలి నా ఓపిక అయిపోయింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. తన పాటకు జనం బదులిస్తే మళ్లీ తింటాడేమోనని కూతురు ఆశపడింది. ఇళ్లలో పనిచేసే ఉగాండా ఆడపిల్లలు, సెక్యూరిటీ కుర్రాళ్లు సెలవు రోజుల్లో నాటకం నేర్చుకున్నారు. పోయిన శుక్రవారం సముద్రపొడ్డు ఊరు జల్లాఖ్‌లో ఒక హాల్లో వేశారు. మన వైపు వాడే, డ్రైవరు అమ్మిరాజు తన లేబర్ క్యాంపులోని తెలుగువాళ్లను బస్సులో తెచ్చాడు. పెద్దాయన చక్రాల కుర్చీ పక్కన, వెనక తలుపు దగ్గర నేను కూర్చున్నాను.

తల్లి వేషం వేసిన పిల్ల పాట ఎత్తుకుని సగంలో ఆపింది. ఎవరూ అందుకోలేదు. పాట తెలిసిన వాళ్లంతా స్టేజీ మీదే ఉన్నారు మరి! పెద్దాయన తల వాల్చేశాడు.

అంతలో వెనక నుంచి ఎవరో "వన్స్‌మోర్" అని కేకేశారు.

పాపం ఆ పిల్ల బిత్తరపోయి మళ్లీ మొదటినుంచి పాడి, అక్కడే ఆపింది. ఈసారి మనవాళ్లంతా వన్స్‌మోర్ అన్నారు. సగంలో ఆపేత్తే ఊరుకుంటామేటండీ, మన నాటకాల్లో అయితే సచ్చిపడినోడు కూడా లేచి పాడాలండీ అని అమ్మిరాజు ఒకటే గోల. మూడోసారికి బాణీ అందరి నోటికీ పట్టేసింది. పిల్ల ఆగేసరికి, ఆ భాష రాకపోయినా హాలంతా ఎత్తుకుంది. పెద్దాయన బాగున్న చేత్తో కుర్చీ మీద దరువు వేశాడు. ఇంటికొచ్చాక జావ పడితే పేచీ లేకుండా తాగాడు. వారం నుంచీ తింటున్నాడు. గొట్టం ఇప్పట్లో వద్దన్నారు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ చెల్లెలు,
వీరవేణి

తా.క. ఆ మొదటి కేక నాదే అన్నయ్యా. అమ్మకు చెప్పకు, నమ్మదు కూడా. పాట బాగుందని అరవలేదు. మర్నాడు మళ్లీ గిన్నె పట్టుకుని, మూసుకున్న ఆ నోటి ముందు కూర్చునే ఓపిక నాకు లేక అరిచాను.