గుంత మగ్గానికి నేల

2022 జూన్ 6, సోమవారం

నువ్వే చెప్పు, రెండో అంతస్తులో గుంత తవ్వగలవా?

మక్తల్ శివారులో సర్కారు కట్టిన కొత్త బ్లాకులకు ఇవ్వాళ లాటరీ తీశారు. ఒక్కో బ్లాకులో పన్నెండు ఇళ్లు. కింద నాలుగు, మొదటి అంతస్తులో నాలుగు, రెండో అంతస్తులో నాలుగు. నాకు సీ బ్లాకులో కింది ఇల్లు వచ్చింది. నేను బజార్లో వాక్యం చెప్పుకునే ఒంటరిని, నా సామానంతా ఒక ట్రంకు పెట్టె. అదే బ్లాకులో రెండో అంతస్తు ఎవరికి వచ్చిందయ్యా అంటే, లక్ష్మీనర్సయ్యకు, రాజమణికి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ నేత. వాళ్లది గుంత మగ్గం. నేలలో గుంత తీసి, అందులో కాళ్లు దించి కూర్చుని, అడుగున చెక్కలు తొక్కుతూ నేయాలి.

ఇంజనీరుకు చెప్పాను. ప్లాన్ అందరికీ ఒకటే అన్నాడు. వేరే రకం మగ్గం కొనుక్కోమన్నాడు. అప్పుడు రాజమణి నోరు విప్పింది.

"ఎందుకు సారూ, నడుమ స్లాబుకు బొక్క కొట్టుకుంటం. కింది ఇంటోళ్ల నెత్తిల మీద కాళ్లు పెట్టి నేస్తం."

అందరూ నవ్వారు. ఇంజనీరూ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

దేవుడు మోషేకు ఆరాధన గుడారం ప్లాన్ ఇచ్చినప్పుడు ముందు ఏం చెప్పాడు? మందసం, బల్ల, దీపస్తంభం. లోపల ఉండాల్సినవి ముందు. తెరలు, పలకలు ఆ తర్వాత. ఈ ఇంజనీరు గోడలు ముందు గీసి, మనుషుల్ని తర్వాత కుక్కాడు.

జూన్ 8

నా ఇల్లు వాళ్లకిచ్చేశాను. నేను పైకి పోతాను. ఆఫీసుకు పోతే, సాఫ్ట్‌వేర్‌లో మార్పిడికి ఆప్షన్ లేదన్నాడు క్లర్కు. తలుపు పెట్టని ఇల్లు కట్టి, లోపలికి దారి లేదని మనకే చెప్పడం! కాగితం మీద నేను కింద, నిజానికి పైన. లక్ష్మీనర్సయ్య నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. సంతోషించాను. కొంచెం ఎక్కువే సంతోషించాను.

జూన్ 14

కింది ఇంటి హాలు పొడుగు పదడుగులు. పడుగు దారాలు నిలువునా సాగదీయడానికి అది చాలదు. హాలుకూ పడకగదికీ మధ్య గోడ తీసేయాలి. మెహమూద్ మేస్త్రీని పిలిచాను. ఈ బ్లాకులకు కాంక్రీటు పోసినవాళ్లలో అతనూ ఒకడు. గోడ తీస్తే ఏం కాదన్నాడు. దాని కింద మాత్రం చెయ్యి పెట్టొద్దన్నాడు.

జూన్ 15, మధ్యాహ్నం

గుంత ఆ గోడ ఉన్నచోటే పడింది. వెలుతురుకు కిటికీ అక్కడే, మగ్గం అంతకంటే జరగదు. అడుగున్నర తవ్వగానే బీము తగిలింది. మెహమూద్ గడ్డపార పక్కన పెట్టేశాడు.

"ఇది గోడ కోసం వేసింది కాదన్నా. పిల్లర్లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడ్డయి. కింద రేగడి. వానకు ఉబ్బుతది, ఎండకు పగులుతది. చెయ్యి ఇడిస్తే ఏ పిల్లరు ఎటు పోతదో నేను జెప్పలేను."

నాకు కోపం వచ్చింది. నువ్వు కూడా ఆఫీసోళ్ల మాటే మాట్లాడుతున్నావా అన్నాను. ఈ కుటుంబాన్ని రోడ్డున పడేయమంటావా అన్నాను. అతను నా చంకలోని గ్రంథం వైపు చూశాడు.

"నీ కితాబుల ఇండ్లు కట్టుడు గురించి శానా ఉందంటవు. బీము కొయ్యుమని యాడుందో జర చూపియ్యి."

చూపించాను. వాక్యం బండను బద్దలుకొట్టే సుత్తె అని ప్రవక్త చెప్పిన చోటు తెరిచి, నలుగురిలో గట్టిగా చదివాను. లక్ష్మీనర్సయ్య సుత్తె అందుకున్నాడు. మెహమూద్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కాంక్రీటు రాలాక లోపల నాలుగు చువ్వలు కనిపించాయి. రెండు లక్ష్మీనర్సయ్య కోశాడు. రెండు నేను కోశాను.

జూన్ 27

మగ్గం ఆడుతోంది. మెట్లు ఎక్కుతుంటే చప్పుడు వినిపిస్తోంది.

జూలై 11

నాలుగు రోజులుగా ముసురు. మగ్గానికి సరిగ్గా పై ఇంట్లో, మొదటి అంతస్తులో, లాడ్లీ బేగం ఉంటుంది. మనవరాలు హిబాను పెంచుకుంటోంది. తలుపు పడటం లేదు భాయ్, జర చూడమని పిలిచింది. వానకు చెక్క ఉబ్బి ఉంటుందన్నాను.

ఆ తలుపు చెక్కది కాదు, ఇనుపది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

జూలై 13

కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పగులు. లాడ్లీ బేగం దానికి క్యాలెండరు అడ్డం తగిలించింది, చూస్తే పిల్ల భయపడుతుందని. మెహమూద్ ఇంటికి పోయాను. తిడతాడనుకున్నాను. తాపీ తీసుకుని వెంట వచ్చాడు. పగులు మీద అడ్డంగా ఒక అద్దం ముక్క పెట్టి, రెండు కొసల్లో సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాశాడు. అద్దం పగిలితే ఇల్లు ఇంకా కదులుతున్నట్టు.

జూలై 15

అద్దం పగిలింది.

మెహమూద్ అందరినీ దించమన్నాడు, ఇప్పుడే. ఎందుకని ఆఫీసు అడుగుతుంది. బీము కోశామని చెప్పాలి. చెబితే లక్ష్మీనర్సయ్యకు కింది ఇల్లూ ఉండదు, పై ఇల్లూ ఉండదు. పాత కిరాయి ఇంట్లో అప్పుడే వేరేవాళ్లు దిగారు. మగ్గాన్ని ఎక్కడ దింపుతారు? రాజమణి గుంతలోంచి లేవకుండానే అడిగింది, మగ్గం మీది చీర రెండు రోజుల్లో అయిపోతుంది, అప్పటిదాకా ఆగుదామని. సరే అన్నాను.

సరే అన్నాను! ఇరవై ఏళ్లుగా సంత బజార్లో నిలబడి ఊరందరినీ పాపులారా అని పిలిచే నేను!

జూలై 16, శనివారం

కొత్త ఇల్లు కట్టేవాడు పైన పిట్టగోడ కట్టాలని ధర్మశాస్త్రంలో ఉంది. ఎవరైనా పడి చస్తే ఆ రక్తం ఆ ఇంటి మీద. ఎన్నోసార్లు చదివాను. అది కాంట్రాక్టర్ల కోసం రాసిందనుకున్నాను. ఇంజనీరు మనిషిని అడగకుండా గీశాడు. నేను మేస్త్రీని పిలిచి, విని, వాక్యంతో అతని నోరు మూయించాను. ఇద్దరిలో ఎవడు పెద్ద దుర్మార్గుడు?

పొద్దున పెట్టిన రెండో అద్దం సాయంత్రానికే పగిలింది.

కిందికి దిగి, ఇక ఆగనని రాజమణికి చెప్పాను. చీర ఇంకా రెండు మూరలు మిగిలి ఉంది. ఆమె కత్తెర తీసుకుని పడుగు అడ్డంగా కోసేసింది.

"నువ్వు బీము కోయకుండ ఉంటే నేను గిది కోసేదాన్ని కాదన్నా. పో, ముందు ముసలమ్మను దించు."

లాడ్లీ బేగం వాళ్లను దించాం. మిగతావాళ్లు నమ్మడం లేదు. ఇది కూడా నా ప్రసంగమే అనుకుంటున్నారు.

జూలై 17, ఆదివారం, ఉదయం 6

వాన మళ్లీ మొదలైంది. ప్రార్థన అయ్యాక ఆఫీసుకు ఒప్పుకోలు కాగితం రాసి సంతకం పెట్టాను. బీము కోసింది నేను, ఇల్లు నా పేరు మీదిది, శిక్ష నాకు. ఇప్పుడు మైకు పట్టుకుని బయటికి పోతున్నాను. చెప్పేది ఇంతే:

సీ బ్లాకు వాళ్లారా, ఇది ప్రసంగం కాదు. బీరువా వదిలేయండి. పొయ్యి ఆర్పండి. పిల్లల్ని ఎత్తుకుని మెట్లు దిగండి. రేపు కాదు, ఇవ్వాళ. ఇప్పుడే దిగండి.