పేరు పెట్టి పిలిస్తే ‘బౌ’ అంది

ఫిబ్రవరి 19, పొద్దున్నే
వచ్చేసింది! మా రోనాకి ఆక్లండ్‌లో కాలేజీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చేసింది! పద్నాలుగేళ్ళకే బడి మానేసి గొర్రెల వెంట పడ్డవాడి కూతురు! మా ఆవిడ నోలీన్ ఆనందంతో ఏడుస్తూ టీలోకి చేసే స్కోన్ రొట్టెలు మాడ్చేసింది. మాడినవే తిన్నాం. అమృతం!

మార్చి 4న మొదటి పాఠం. మమ్మల్నీ వచ్చి వెనక వరుసలో కూర్చోమంది. ఇన్నేళ్ళూ అది ఏం చెప్పినా అర్థంకాకుండానే తలూపాను. ఈసారి అర్థమై ఊపాలి.

తీర్మానం: అది చెప్పబోయే ‘ఆర్’ అనే కంప్యూటర్ భాష రోజూ నేర్చుకుంటా. సొంతంగా! రోనాకి ఫోన్ చేయను.

మా అక్క మొగుడు మెర్వ్ విని పడీపడీ నవ్వాడు. “నువ్వా బావమరిదీ? టీవీ రిమోట్ రెండు చేతుల్తో పట్టుకునేవాడివి!”

ఫిబ్రవరి 20
అద్భుతం! ఫంక్షన్ అంటే మందకాసే కుక్కే! ఒక్కోదానికి ఒక్కో పని. ఒకటి కూడుతుంది, ఇంకోటి సగటు తీస్తుంది. పేరు కొటేషన్లలో రాసి ఊరుకుంటే ఏదీ రాదు. ‘డూ కాల్’ అని ఆ పేరిస్తే చాలు, ఆ పేరుగలది పరిగెత్తుకొస్తుంది. యాభై ఏళ్ళుగా కొండ మీద నేను చేస్తున్నది ఇదేగా!

ఫిబ్రవరి 21
సొంత ఫంక్షన్ చేశా! ఏమిచ్చినా ‘బౌ’ అంటుంది. ఆర్ నేర్పే పుస్తకంలో ఎక్కడో కనబడ్డ పేరు పెట్టా: ‘మీన్’. పొట్టిగా, ముద్దుగా ఉంది. మూసేటప్పుడు “దాచమంటావా?” అని అడిగింది మెషీను. మర్యాదస్థురాలు. దాచమన్నా.

ఫిబ్రవరి 24
చదువు కుదర్లేదు. ఉన్ని కత్తిరించేవాళ్ళొచ్చారు. తర్వాత క్రికెట్. తర్వాత మా రెండు కుక్కల గోల, రెంటి పేరూ ‘ఫ్లై’. కొత్తగా కొన్న కుక్కకి పాతదాని పేరే ఉంది, మార్చి పిలిస్తే పలకదు. కొండ మీది పెద్ద ఫ్లైని పిలిస్తే కాళ్ళ దగ్గరున్న చిన్న ఫ్లై లేచి మందంతా చెదరగొట్టింది. మళ్ళీ పోగేసేసరికి పొద్దుగూకింది.

ఫిబ్రవరి 26
గొర్రెపిల్లల బరువులన్నీ ఎక్కించా. సగటు తీసే ఫంక్షన్ పేరు పుస్తకంలో చూసి, కొటేషన్లలో రాసి, పిలిచా.
జవాబు: బౌ.

ఫిబ్రవరి 27
మూసి తెరిచా. బౌ.
కరెంటు తీసి పెట్టా. బౌ.
“పోనీలేవయ్యా, పలుకుతోందిగా!” అంది నోలీన్.

మార్చి 1
తెరవలేదు. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పా. ఈ వయసులో కళ్ళకి మంచిది కాదట. (ఎవరో అన్నారు.)
టీకి వచ్చిన మెర్వ్, “బావమరిదీ, సగటున ఎంత తూగాయి గొర్రెపిల్లలు?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపు వాడే, “బౌ!” నోలీన్ అంతా ముందే చెప్పేసిందన్నమాట!
మళ్ళీ వెనక వరుసలో తెల్లమొహం వేసుకుని తలూపడమేనా?

మార్చి 2
ఫోన్ చేశా. తీర్మానం గోవిందా.
రోనా అంతా విని చాలాసేపు నవ్వింది. “నాన్నా, మీన్ అంటే సగటు. ఆర్‌తోపాటే పుట్టిన ఫంక్షన్ పేరది. అదే పేరుతో నువ్వింకోటి పెంచావు.”
“అంటే పాతది చచ్చిపోయిందా తల్లీ?”
“లేదు. మన ఫ్లైలు గుర్తులేవా? పిలిస్తే ఏది వస్తుంది?”
“దగ్గరున్నది.”
“అంతే. ఇక్కడా అంతే. నీదాన్ని తీసెయ్. పాతది కొండ మీద అలాగే ఉంది.”
తీసేశా. పిలిచా. సగటు ముప్పైఆరు కిలోలు! అరిచానట. రెండు ఫ్లైలూ పరిగెత్తుకొచ్చాయి.

మార్చి 4, సాయంత్రం
హాలు నిండా పిల్లలు. రోనా బోర్డు మీద ‘ఫ్లై’ అని రెండుసార్లు రాసి, “ఒకాయనకి ఒకే పేరున్న కుక్కలు రెండున్నాయి” అని మొదలుపెట్టింది! పిల్లలంతా నవ్వారు. “పేరు పెట్టి పిలిస్తే ఏదొస్తుంది?” అని అడిగింది.
“దగ్గరున్నది!” అని అరిచేశా.
“కరెక్ట్” అంది, నా వైపు చూసి. తలూపా. అర్థమై ఊపా!

రేపట్నుంచి మళ్ళీ మొదలు. రోజూ. ఫోన్ చేయను.

చెప్పాల్సినవాళ్ళు:
బెరిల్ అక్క: ముందు తనకే, లేకపోతే అలుగుతుంది.
మెర్వ్ బావ: రెండుసార్లు.
చిన్నాన్న ఆంగస్: చెవుడు, గట్టిగా.
నోలీన్ తమ్ముళ్ళు ముగ్గురూ.
ఫ్లై, ఫ్లై: పిలుస్తా. ముందొచ్చినదానికి ముందు.