డ్రమ్ములో తగ్గిన నూనె

12 ఆగస్టు 2024, సోమవారం

ఉద్యోగం వచ్చింది. నర్సీపట్నం నుంచి కొయ్యూరు వెళ్ళే రోడ్డులో జీడిపిక్కల ఫ్యాక్టరీ. పోస్టు పేరు ఎన్విరాన్‌మెంట్ అసిస్టెంట్. బీఎస్సీ పాసైన ఆరేళ్ళకి కెమిస్ట్రీ అన్న మాట మళ్ళీ ఒకరి నోట విన్నాను.

ఓనర్ రమేష్‌బాబు గారు పని చెప్పారు. ఫ్యాక్టరీల్లో పుట్టే ప్రమాదకరమైన చెత్త ఒక్కోదానికీ గవర్నమెంటు ఒక కోడ్ ఇచ్చింది. మన చెత్తలో దేనికి ఏ కోడో చూసి లిస్టు రాయాలి. ఎంత పుట్టింది, ఎంత బయటికి పోయింది, రికార్డు ఉండాలి. ఏడాదికోసారి పొల్యూషన్ బోర్డుకి రిటర్న్ వేయాలి. ఈ పనికి మనిషి లేకపోతే పర్మిషన్ రెన్యువల్ కష్టమని వైజాగ్ కన్సల్టెంట్ భయపెట్టాడట. అందుకే నన్ను తీసుకున్నారు, నా తెలివి చూసి కాదు.

ఇంట్లో చెబితే, అందరి చెత్తా కెలికే పని నీకు బాగా కుదిరిందే గంగాభవానీ అంది అమ్మ. అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నేను పుట్టానని అమ్మ ఎప్పుడూ అనే మాటే. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి రావడం కూడా తప్పేనా?

16 ఆగస్టు

ఫ్యాక్టరీ అంతా తిరిగాను. పిక్కల తొక్క బాయిలర్లోకి పోతుంది. పప్పు మీది పొట్టు లారీవాళ్ళు పట్టుకుపోతారు. బూడిదకి రైతులు ట్రాక్టర్లు తెస్తారు. ఇక్కడ దేన్నీ ఎవరూ చెత్త అనరు. చెత్త ఎక్కడ అని అడిగితే నన్నే వింతగా చూస్తున్నారు.

చివరికి ఒకటి దొరికింది. జనరేటర్‌లోంచి తీసిన కాలిన ఇంజన్ ఆయిల్. కోడ్ 5.1. జనరేటర్ షెడ్డు మూల నీలం డ్రమ్ములో నల్లగా, కంపు కొడుతూ ఉంది. ఒంటికి తగలకూడదు, నేలలో కలవకూడదు, పర్మిషన్ ఉన్న రీసైక్లర్‌కి తప్ప ఎవరికీ ఇవ్వకూడదు.

జనరేటర్ చూసే మనిషి మత్స్యలింగం. పదకొండేళ్ళ నుంచి ఉన్నాడు. డ్రమ్ముకి తాళం లేదేం అని అడిగాను. కాలిన ఆయిలుకి తాళవేటండి మేడంగారూ అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

22 ఆగస్టు

పిక్కలు కొట్టే షెడ్డు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు. చేత్తో పిక్క పెట్టడం, కాలితో మిషను తొక్కడం. తొక్క పగిలితే జీడి కారుతుంది. అది చర్మానికి తగిలితే పొక్కడమే. అందుకని ఒక్కొక్కరి పక్కనా ఆముదం గిన్నె, ఒక గుడ్డ. ముందు చేతులకి ఆముదం రాసుకుంటారు, గంటకోసారి తుడిచి మళ్ళీ రాసుకుంటారు. వాళ్ళలో పెద్దావిడ దేవుడమ్మ. కొయ్యూరు వైపు నుంచి రోజూ ఆటోలో వస్తుంది. ఆమిదవే మాకు రక్సమ్మా, అది లేకపోతే సేతులుండవు అని తన చేతులు చూపించింది. అరచేతులు ఆముదంతో మెరుస్తున్నాయి.

నా కళ్ళు గుడ్డల మీద పడ్డాయి. వారానికి గోనెడు గుడ్డలు బాయిలర్లోకి విసిరేస్తున్నారు. కోడ్‌ల పుస్తకం తీశాను. నూనెలూ కెమికల్సూ అంటిన గుడ్డలు, 33.2. కన్సల్టెంట్‌కి ఫోన్ చేస్తే, అది రాయకపోయినా ఎవరూ అడగరమ్మా అన్నాడు. ఎవరూ అడగరు అనేవాణ్ణి నేను అస్సలు నమ్మను.

రాశాను.

3 సెప్టెంబరు

కన్సల్టెంట్ వచ్చాడు. లిస్టులో 33.2 ఉంటే దానికి విడిగా గది, లేబుల్, రికార్డు, పట్టుకెళ్ళే కంపెనీతో అగ్రిమెంటు. రమేష్‌బాబు గారు తల పట్టుకున్నారు. కాసేపటికి ఆయనే దారి చెప్పారు. గుడ్డలు లేకపోతే కోడ్ ఉండదు. ఆముదం లేకపోతే గుడ్డలతో పనిలేదు. రేపటి నుంచి ఆముదం మానేసి అందరికీ రబ్బరు గ్లవుజులు.

ఒక లైను తగ్గింది. ఈ అమ్మాయి రాయబట్టే ఈ సంగతి బయటపడింది అని రమేష్‌బాబు గారు అందరి ముందూ అన్నారు. వచ్చేటప్పుడు అమ్మకి జిలేబీ తెచ్చాను.

7 అక్టోబరు

గ్లవుజులు చిరిగిపోయాయట, కొత్తవి రావాలి.

18 నవంబరు

డ్రమ్ములో ముంచడానికి ఒక కర్ర తయారు చేసుకున్నాను. లీటరుకో గీత, స్కెచ్ పెన్‌తో. రికార్డు ప్రకారం 26 లీటర్లు ఉండాలి. కర్ర 20 దగ్గర ఆగింది. మూడుసార్లు ముంచాను.

మత్స్యలింగాన్ని అడిగితే, ఎండకి ఆవిరైపోనాదేమోనండి అన్నాడు. ఎవరికి చెబుతున్నాడు ఆ మాట!

2 డిసెంబరు

కాలిన ఆయిల్ ఎవరికి పనికొస్తుందో ఆలోచించాను. స్లాబు వేసేటప్పుడు సెంట్రింగ్ చెక్కలకి పూస్తారు. మత్స్యలింగం బావమరిది సెంట్రింగ్ మేస్త్రి. ఈ సంగతి వాచ్‌మన్ చెప్పాడు, నేను అడక్కుండానే. అడక్కుండా చెప్పాడు కాబట్టి వాచ్‌మన్ మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలి.

11 డిసెంబరు, ఉదయం 8.40

ఆఫీసు కిటికీలోంచి చూశాను. మత్స్యలింగం జనరేటర్ షెడ్డులోంచి రెండు వాటర్ బాటిళ్ళతో వచ్చాడు. లోపల నలుపు. అటూ ఇటూ చూసి పిక్కల షెడ్డు వెనక నుంచి వెళ్ళాడు. వెనక గేటు అటే. తిరిగి వచ్చేటప్పుడు చేతుల్లో ఏమీ లేదు.

నా అనుమానం ఎప్పుడూ ఉత్తినే పోదు.

6 జనవరి 2025

చెప్పేశాను. రమేష్‌బాబు గారు మత్స్యలింగాన్ని పిలిచి ఎవరికి అమ్ముతున్నావని అడిగారు. అమ్మలేదండి అన్నాడు. మరేం చేశావంటే నేల చూపులు చూశాడు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే, అమ్మలేదండి, అంతే. ఒక్కసారి నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నట్టు అనిపించింది. తప్పు లేనివాడు నోరు తెరిచి చెప్పుకుంటాడు కదా. రేపటి నుంచి రావద్దన్నారు.

పదకొండేళ్ళు. కొంచెం బాధగానే ఉంది. కొంచెమే.

20 జనవరి

జనరేటర్ షెడ్డుకి తాళం వేయించాను. కరెంటు పోతే ఎవరో ఒకరు పరిగెత్తి జనరేటర్ వేయాలి కాబట్టి తాళంచెవి తలుపు పక్కన మేకుకే వేలాడుతోంది. ఇలాంటి తాళం ఎక్కడైనా ఉంటుందా?

3 ఫిబ్రవరి

మత్స్యలింగం వెళ్ళి నెల కావస్తోంది. నూనె ఇంకా తగ్గుతోంది. అదే తీరున, వారానికి ఒక లీటరు పైనే.

అనుమానం ఉన్నవాళ్ళు: వాచ్‌మన్. కొత్త ఆపరేటర్. బాయిలర్లో కలిపి మండిస్తున్నారేమో, రమేష్‌బాబు గారు. కన్సల్టెంట్ కూడా, ఎందుకో తెలియదు. నా పేరు కూడా రాసి కొట్టేశాను.

17 ఫిబ్రవరి

కొత్త గొడవ. పప్పు మీద నల్ల మరకలు వస్తున్నాయని గ్రేడింగ్‌లో పక్కన పెట్టేస్తున్నారు. బాయిలర్ మసి అంటున్నారు. నేను నమ్మను. మత్స్యలింగం పగతో లోపలి మనిషి ఎవరితోనో చేయిస్తున్నాడు.

పప్పు కూడా తగ్గుతోందట. సాయంత్రం ఐదుకి ఆడవాళ్ళు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నన్ను చెక్ చేయమన్నారు. ఒడి దులపాలి, కొంగు విప్పి చూపించాలి. ఈ పని నా పోస్టులో లేదు. ఒప్పుకున్నాను.

24 ఫిబ్రవరి

దేవుడమ్మ ఒడి దులుపుతుంది, కొంగు విప్పదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడుతుంది. సలేస్తన్నాదమ్మా అంటుంది. నర్సీపట్నంలో ఫిబ్రవరి చివర సాయంత్రం ఐదింటికి చలా?

5 మార్చి, రాత్రి

ఇవాళ సాయంత్రం దేవుడమ్మని ఆపాను. చేతులు చూపించమన్నాను. ఒగ్గేయమ్మా, ఆటో ఎల్లిపోతాది అంది. నేను వదల్లేదు. పిడికిలి నిండా పప్పు ఉంటుందని నూటికి నూరుపాళ్ళు నమ్మాను. వెనకున్న పదమూడు మందీ చూస్తుండగా కొంగు లాగి, చేతులు పట్టుకుని, నేనే వేళ్ళు విప్పాను.

పప్పు లేదు. అరచేతులు నల్లగా ఉన్నాయి. కడిగితే పోయే నలుపు కాదు, పగుళ్ళలోకి దిగిపోయిన నలుపు. వేళ్ళ సందుల్లో పొక్కులు చితికి ఉన్నాయి. ఆ వాసన నాకు తెలుసు. వారం వారం కర్ర ముంచి చూస్తున్న వాసనే.

తర్వాత ఒక్కొక్కరే చేతులు ముందుకి పెట్టారు. ఇరవై ఎనిమిది చేతులు. అన్నీ నలుపే.

దేవుడమ్మకి కోపం కూడా రాలేదు, అదే నాకు భరించలేనట్టుగా ఉంది. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆమిదం మానేసినారు కదమ్మా. ఆ తొడుగులు రెండ్రోజులకే సిరిగిపోనాయి, మల్లీ తేలేదు. ఒట్టి సేతుల్తో కొడితే మంట, కూడు కలపలేకపోనాం. మత్స్యలింగం సూడలేక ఈ ఆయిలు తెచ్చిచ్చినాడు. ఆయన ఎల్లిపోయినాక మేవే తీసుకుంటన్నాం. నువ్వేనంట కదా ఆమిదం గుడ్డలు సెడ్డవని కాయితం మీద రాసినావు. అలాగనేసి నీకు సెప్పలేదు.

పప్పు మీద మరకలు వాళ్ళ వేళ్ళవి.

ఇంటికి వచ్చి డైరీ వెనక్కి తిప్పాను. 22 ఆగస్టు. ఆవిడ చేతులు చూపించిందని నేనే రాశాను. చూసింది మాత్రం గుడ్డల్ని. నాకు నా మీదే అసహ్యంగా ఉంది. అన్నం తినబుద్ధి కాలేదు. అమ్మ ఏమైందని అడిగితే తలనొప్పన్నాను.

9 మార్చి, ఆదివారం

యలమంచిలి వెళ్ళాను. మత్స్యలింగం ఇప్పుడు అక్కడ లారీ షెడ్డులో హెల్పరు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. సెప్తే ఆ ఆడోలని తీసేస్తారండి, నానొక్కణ్ణే కదండీ, ఆలు పద్నాలుగు మంది అన్నాడు. ఆ ఆయిల్ చేతులకి మంచిది కాదని తెలియదా అన్నాను. మరి మంచిది ఏటుందండి అక్కడ అన్నాడు.

ఓనర్‌తో మాట్లాడతాను, వెనక్కి రా అన్నాను. ఒద్దండి, ఇక్కడ నన్నెవరూ దొంగని అన్లేదు అన్నాడు. వచ్చేస్తుంటే, ఆమిదం ఇస్తన్నారేటండి ఇప్పుడు అని మాత్రం అడిగాడు.

10 మార్చి

రమేష్‌బాబు గారికి అంతా చెప్పాను. ఆముదం తెప్పిస్తాను, గుడ్డలూ ఇస్తాను, మళ్ళీ మొదటిలా చేసుకుందాం అన్నారు. మత్స్యలింగం సంగతి వదిలేయమన్నారు. తగ్గిన నూనె రీసైక్లర్‌కి ఇచ్చినట్టు రాసేయమన్నారు. కాగితం రీసైక్లర్ దగ్గర్నుంచి తెప్పిస్తారట. ఉన్నది రాస్తే బోర్డువాళ్ళు ఫ్యాక్టరీ మూసేస్తారు, ఆ పద్నాలుగు మందీ నీ ఇంటి ముందు కూర్చుంటారు అన్నారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎంతో నేను తేల్చుకోలేకపోతున్నాను. ఇన్నాళ్ళూ నాకు తేలికగా వచ్చిన పని అదొక్కటే.

12 మార్చి

ఆముదం వచ్చింది. డ్రమ్ములో నూనె తగ్గడం ఆగింది.

31 మార్చి

రిటర్న్‌కి సంవత్సరం ఇవాళ్టితో ఆఖరు. కర్ర 19 దగ్గర ఆగింది. రికార్డులో 44. తేడా 25 లీటర్లు.

20 మే

ఆముదం ఇస్తున్నా దేవుడమ్మ చేతులు మానలేదు. ఏరియా ఆసుపత్రి డాక్టరు చేతులకి ఏం రాసుకున్నావని అడిగితే, ఇంట్లో సున్నం తగిలిందని చెప్పిందట. ఓనర్ పేరు బయటికి వస్తుందని.

27 జూన్, మధ్యాహ్నం

దేవుడమ్మకి ఈ నెల రేషను అందలేదు. మిషను మీద వేలు పెడితే ముద్ర పడటం లేదు. పది వేళ్ళూ పెట్టి చూశారట. గీతలే లేవు. మూడుసార్లు తిరిగింది.

భోజనాల వేళ ఆ పద్నాలుగు మంది దగ్గరికీ వెళ్ళి కూర్చున్నాను. రిటర్న్ సంగతి చెప్పాను. నిజం రాస్తే ఏం జరగొచ్చో చెప్పాను, ఫ్యాక్టరీ మూసేయొచ్చనీ చెప్పాను. అబద్ధం రాస్తే ఈ చేతులకి ఏమైందో ఏ కాగితం మీదా ఉండదనీ చెప్పాను. మీరు వద్దంటే రాయను అన్నాను. కొంతసేపు వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. మూసేస్తే తినీది ఏటి అని వాళ్ళలో కామమ్మ అనే ఆవిడ గట్టిగానే అడిగింది. తన కొడుకు చదువు ఆగిపోతుందని ఏడ్చింది కూడా.

చివరికి దేవుడమ్మ అంది. అప్పుడు మమ్మల్ని అడక్కండా రాసినావు. ఇప్పుడు అడిగినావు. రాయి.

కామమ్మ చాలాసేపటి తర్వాత తల ఊపింది.

30 జూన్, 4.10

పుట్టినది: 44 లీటర్లు. రీసైక్లర్‌కి పంపినది: నిల్. నిల్వ ఉన్నది: 19.

ఫ్యాక్టరీలోనే వాడినది అని ఒక గడి ఉంది. అందరూ నిల్ కొడతారట. 25 కొట్టాను.

ఎలా వాడారు అన్నచోట: పద్నాలుగు మంది ఆడవాళ్ళు చేతులకి రాసుకున్నారు.

ఎందుకు అనడానికి గడి లేదు. రిమార్కుల్లో రాశాను: వీళ్ళ ఆముదం ఆగిపోయేలా లిస్టు రాసినది, ఎస్. గంగాభవాని.

సబ్మిట్ అయింది.