జిగురు పడని చేతులు

అమ్మకు,

నీ కూతురు మోహన నమస్కారాలు. ఇక్కడ రేణిగుంటలో నేనూ అవ్వా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మిగతాది చదివాక కోప్పడు.

నీ ఉత్తరం నాతో పనిచేసే గ్రేసీ వాళ్ల పిన్నమ్మ కువైట్ నుంచి వస్తూ తెచ్చిచ్చింది. నువ్వు పనిచేసే ఇంటి మేడమ్ నీ ఫోన్ లాక్కుందని విని అవ్వ తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం చాలదు. ఈ జవాబు కూడా తిరిగి అక్కడికి వస్తున్న పిన్నమ్మ చేతికే ఇస్తున్నాను.

అవ్వ మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం ఇంకా గట్టిపడింది. కాణిపాకం మొక్కు ఇంకా తీర్చలేదు. ఫ్యాక్టరీలో ఏం చేస్తావని మళ్లీ అడిగావు. మోటారు లోపల ఇనుప దిమ్మ ఉంటుంది కదా, అది నిజానికి పల్చటి రేకుల దొంతి. ఒక్కో రేకుకూ జిగురు పూసి, పేర్చి, బిగించి, ఓవెన్‌లో కాలుస్తాం. వేలి జిడ్డు తగిలినా జిగురు పట్టదు.

"నీ పని గట్టిదేనా? అవునని ఒక్క మాట రాయి, మేడమ్‌కు చెప్పేసి వచ్చేస్తా" అన్నావే, దానికే ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను. పని పోయిందమ్మా.

ఆ జిగురు నా ఒంటికి పడలేదు. చేతులు పొక్కి, చర్మం చీలింది. ఎవరికీ చెప్పలేదు. అవ్వ కొబ్బరినూనెలో వేపాకు, పసుపు వేసి కాచిస్తే, అది పూసుకుని పైన గ్లౌజులు తొడుక్కునేదాన్ని. రేకు అంచు తగిలి గ్లౌజు చిరిగింది, నేను చూసుకోలేదు. ఓవెన్ నుంచి తీసిన దొంతి విడిపోయింది.

సూపర్‌వైజర్ మునికుమార్ నా పక్కనున్న గ్రేసీ మీద ఎగిరాడు. "తలకు అంత నూనె పెట్టుకోని రావద్దంటే ఇనవు గదా! సూడు, అప్పడాల మాదిరి ఊడిపోయింది." గ్రేసీ ఏడుస్తూ నిలబడింది. నేను గ్లౌజులు తీసి చేతులు చూపించాను. ఆయన అరవడం మానేశాడు. "ఆస్పత్రికి పో పాపా. ఈ చేతుల్తో నిన్ను లోపలికి రానిస్తే నా ఉద్యోగం పోతాది" అన్నాడు.

ఒకసారి పడకపోతే ఆ జిగురు ఇక ఎప్పటికీ పడదని డాక్టరమ్మ చెప్పింది. అలిపిరి దగ్గర హోటల్లో గిన్నెలు కడగడానికి పోయాను. చేతులు చూసి వద్దన్నారు. ఇంకెక్కడికి పోవాలో తెలియడం లేదమ్మా.

"ఆడ్నే ఉండమని రాయి. ఈడ ఏముండాదని వస్తాది?" అంటోంది అవ్వ. నేనూ అలా రాయడానికే కూర్చున్నాను. కానీ నడుము పట్టేసి మెట్ల మీద కూర్చుని ఏడ్చానని రాశావే, అది చదివాక నిన్ను ఇంకా ఉండమని ఎలా అనగలను? ఇక్కడ అవ్వే అన్నం కలిపి నా నోట్లో పెడుతోంది. నాకు భయంగా ఉంది.

ఉండమనే రాశానని అవ్వతో చెబుతాను. నాకు పని లేదు. అయినా నువ్వు వచ్చేయమ్మా.

ఇట్లు,
నీ దారి చూస్తున్న కూతురు,
మోహన