చెయ్యి వెతక్కూడదు

మాహెబూర్, జూలై 1966

షెమాన్ గ్రెనియేలో ఉన్న పాపమ్మత్తకు మేనల్లుడి దండాలు.

గవ్వల కోసం సముద్రంలో మునిగే పని మానెయ్యమని కబురు పంపారు. ఈ ఒక్క సంగతీ విని, తర్వాత తిట్టండి.

నిన్న పగడాల దగ్గర పాత వల ఒకటి నా కాలికి చుట్టుకుంది. తన్నుకునేసరికి బురద లేచి కళ్లముందు అంతా చీకటైపోయింది. గాలి సిలిండరు మోసే పట్టీల మీద నా సామానంతా మీ హారతి పళ్లెంలాగే సర్దుకుంటాను. గంట ఉండే పక్క టార్చి, కర్పూరం ఉండే పక్క కత్తి. “కర్పూరం ఇసి, ఇక్కడ! గంట లబా, అక్కడ! చెయ్యి వెతక్కూడదు” అని భజనకు ముందు గదమాయించేవారు కాదూ? తుఫాను నాడు దీపం ఆరిపోతే, తడుముకోకుండా మళ్లీ వెలిగించారు. నా చెయ్యీ అలాగే తిన్నగా కత్తి మీదికి వెళ్లింది. వల తెగింది. కత్తిని మళ్లీ దాని చోటే పెట్టాను.

బురద తేరాక పైకి చూశాను. అత్తా, ఎలా రాయను? నీళ్లపైన సూర్యుడు హారతిలా ఊగుతున్నాడు. వేలకు వేలు వెండి చేపలు ఆ వెలుగు చుట్టూ తిరుగుతున్నాయి, మనవాళ్లు దీపం చుట్టూ భజన చేస్తూ తిరిగినట్టే. చప్పుడు మాత్రం లేదు.

సామానంతా పట్టీలకే ఉంది, నా చేతుల్లో ఏమీ లేదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.