కర్టెన్ మీద ఫెలిసా

మే 8
కంపోస్ట్ బకెట్ కంపు కొడుతోంది. ఫెలిసా ఉన్నప్పుడు కొట్టేది కాదు. తొక్కలన్నీ అందులోకి, బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి. నా భార్య పోయి వారమైంది. ఆ నీళ్ళు పారబోయాలంటే ఇంకా భయమే. ఎవరు తిడతారని?

మే 12
వంటింటి కిటికీ పక్కన లక్ష్మణఫలం చెట్టు ఆకులు జల్లెడైపోయాయి. వేలంత లావు గొంగళిపురుగులు. స్ప్రే కొనుక్కొచ్చాను. కొట్టలేదు. ఈ ఇంట్లో మందు కొట్టకూడదని ఫెలిసా రూలు. పిల్లల్లేని ఇల్లు, పురుగులనైనా పెరగనీ అనేది.

మే 17
ఒకటి ఆకు చుట్టుకుని గూడు కట్టుకుంది. గాలివానకి ఆ కొమ్మ విరిగింది. తెచ్చి వంటింటి కర్టెన్‌కి పిన్నుతో తగిలించాను. మాట్లాడ్డానికి ఎవరో ఒకరుండాలి కదా.

మే 26
ఎవరూ రాలేదు.

జూన్ 9, పొద్దున
గూట్లోంచి సీతాకోకచిలుక వచ్చింది! నా రెండు అరచేతులంత ఉంది. ఇటుక రంగు. ఆదివారం చర్చికి ఫెలిసా వేసుకునే గౌను రంగు. పోయినవాళ్ళు ఇలాగే వస్తారు, తరమకూడదు. రేపు నలభయ్యో రోజు. అప్పటిదాకా ఆత్మ ఇంట్లోనే తిరుగుతుంది. చక్కెర ఎక్కువేసి కాఫీ పెట్టాను. ముట్టలేదు. అలిగిందేమో.

సాయంత్రం
పక్కింటి ఆలింగ్ తోయాంగ్ వచ్చింది. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. వీధిలో ఎవరు పోయినా ప్రార్థన చెప్పేదీ ఆమే. కాఫీ దేనికి మాంగ్ సెల్మో, ఈ రాత్రి తిరిగే రకానికి నోరే ఉండదు, పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి అంది. ఫెలిసాకి నోరు లేకపోవడమా! ఈమె ఫెలిసాయేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

రాత్రికి కిటికీ తీసిపెట్టండి, రేపు ఆవిడ వెళ్ళాలి కదా, దారివ్వకపోతే ఎలా అంది. సరేనన్నాను. ఆమె గడప దాటగానే కిటికీ గడియ పెట్టేశాను. వెళ్ళనివ్వను. ఒక్కణ్ణే ఈ ఇంట్లో ఉండలేను.

జూన్ 10, ఉదయం
తెల్లారకముందే బయట్నుంచి కిటికీ అద్దం మీద టపటపా చప్పుడు. లోపల ఫెలిసా రెక్కలు వణుకుతున్నాయి. పిలుపొచ్చిందనుకున్నాను. ఏడుస్తూనే గడియ తీశాను. ఆమె వెళ్ళలేదు. బయట అద్దాన్ని కొడుతున్న ఇంకో సీతాకోకచిలుకే లోపలికొచ్చింది.

సాయంత్రం
నలభయ్యో రోజు ప్రార్థన. వీధంతా వచ్చి పాన్సిట్ నూడుల్స్ తిని వెళ్ళింది. కర్టెన్ మీద ఇద్దరూ తోకలు అంటించుకుని పొద్దుట్నుంచీ కదల్లేదు. అందరి ముందూ! ఒళ్ళు మండిపోయింది. పైగా వాడు ఆమె కన్నా పొట్టి.

ఆ మగాడు వాసన పట్టుకుని ఎక్కడి నుంచి ఎగిరొచ్చాడో, మీరు ఫెలిసా కోసం ఎంత దూరం నడిచారేంటి అని అడిగింది తోయాంగ్. మూడు వీధులన్నాను. పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఫెలిసా పోయాక నవ్వడం ఇదే మొదలు.

జూన్ 12
వాడు ఎగిరిపోయాడు. అలాంటివాడేనని నాకు తెలుసు. ఆమె కర్టెన్ నిండా గుడ్లు పెట్టింది.

జూన్ 16
పొద్దున చూస్తే నేల మీద పడి ఉంది. చెట్టు మొదట్లో పాతిపెట్టాను. కర్టెన్ ఉతికిస్తాను ఇవ్వండి అంది తోయాంగ్. ఇవ్వనన్నాను. ఇల్లు మళ్ళీ బోసిపోయింది.

జూన్ 22
ఫెలిసా, పిల్లలు! ఆకులు కోసుకొస్తున్నాను. తండ్రెవరని నేనడగను.